కొత్త ఫ్యూజన్ ఆల్బమ్‌లు నాకు ఎందుకు ఎక్కడం లేదు? తప్పు నా చెవిదా, వాళ్ళ డ్రమ్ములదా?

శ్రుతిపెట్టె
మా మేనల్లుడు మొదటి జీతంతో నాకు మంచి హెడ్‌ఫోన్ కొనిచ్చాడు. దాంతో పాటు ఏదో ఒక దేశపు పాత సంగీతానికి రాక్, జాజ్ కలిపిన ఫ్యూజన్ ఆల్బమ్‌ల లిస్టు కూడా ఇచ్చాడు. "మామయ్యా, ఎంతసేపూ ఆ పాత కచేరీలేనా, ఇవి విను" అని. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్‌ల బ్యాండు శక్తి వాళ్ళ 'దిస్ మొమెంట్', పాకిస్తానీ గాయని అరూజ్ ఆఫ్తాబ్, ఆల్తిన్ గున్ అని టర్కీ పాటలు పాడే రాక్ బ్యాండు, నైజర్ దేశం నుంచి గిటారిస్టు మ్‌డూ మోక్తార్, మన పక్క బెంగళూరు రాక్ బ్యాండు ఆగమ్. నెల రోజులుగా ఆఫీసుకి వెళ్తూ వస్తూ మెట్రోలో ఇవే.

ఉన్నమాట చెప్తున్నా, సగం కూడా ఎక్కలేదు. మొదటి రెండు నిమిషాలు ప్రాణానికి హాయిగా ఉంటుంది. తంబురా, నెమ్మదిగా ఆలాపన. హమ్మయ్య అనుకునేలోపు డ్రమ్ములు దిగుతాయి. ఇక అక్కణ్ణుంచి రాగం ఓ మూలకి పోయి నిలబడుతుంది, పెళ్ళిలో డీజే మొదలయ్యాక సన్నాయి వాళ్ళు భోజనాల వైపు చూస్తూ కూర్చున్నట్టు.

ఇంకో బాధ. 'దిస్ మొమెంట్'లో 'గిరిరాజ్ సుధ' అని ఒక ట్రాక్ ఉంది. త్యాగరాజస్వామి వారి 'గిరిరాజసుతా తనయ'. సుత అంటే కూతురు, సుధ అంటే అమృతం. పార్వతీదేవి కొడుకుని పట్టుకుని అమృతం సీసా చేశారు. ఆ ఆల్బమ్‌కి గ్రామీ ఇచ్చినవాళ్ళకి తెలియదు సరే, పాడినవాళ్ళకి తెలియదా? తెలుగు కీర్తనకి ఇదా మర్యాద?

హంసధ్వని77
అది తెలుగు కాదండీ, సంస్కృతం. బంగాళ రాగం. మిగతా అంతా ఒప్పుకుంటాను.

శ్రుతిపెట్టె
సంస్కృతమే. కోపంలో రాసేశాను. సుధ మాత్రం సుధే.

బుజ్జి_బేస్
పాడినాయన సుతా అనే పాడాడు, వినండి. తమాషా అంతా అట్ట మీదే. తమిళంలో త, ద, ధ అన్నిటికీ ఒకటే అక్షరం, ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ఎవరికి తోచింది వాళ్ళు రాస్తారు. 2001లో వచ్చిన 'సాటర్డే నైట్ ఇన్ బాంబే'లోనూ ఇదే పేరు. అప్పటి నుంచీ ఎవరూ దిద్దలేదు.

అట్లతద్ది
నా పేరు సుధ. నాకేం అభ్యంతరం లేదు.

పాలకొల్లు_కుర్రోడు
శక్తి గురించి ఇంతమంది మాట్లాడుతున్నారు, మా ఊరి పేరు ఒక్కరూ ఎత్తరే! ఆ ఆల్బమ్‌లో మొదటి ట్రాక్ పేరే 'శ్రీనీస్ డ్రీమ్'. ఆ శ్రీని ఎవరనుకుంటున్నారు? మా పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. మాండలిన్ శ్రీనివాస్.

తెలియనివాళ్ళ కోసం చెప్తా. ఆయన తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో మాండలిన్ ఉంటే అయిదారేళ్ళ పిల్లాడు తీసి వాయించడం మొదలెట్టాడు. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారు ఆ పిల్లాడికి పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు. అసలు విషయం ఇక్కడుంది. సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు! ఆయన పాడేవారు, పిల్లాడు విన్నది విన్నట్టు తీగ మీదకి దింపేవాడు. అంటే మాండలిన్ ఎలా వాయించాలో ఎవరూ చెప్పలేదు, పాట ఎలా ఉండాలో మాత్రమే చెప్పారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ. 1983కల్లా బెర్లిన్ జాజ్ ఫెస్టివల్. ఇంకా మీసాలు కూడా రాలేదు.

మాండలిన్‌కి మామూలుగా జంట తీగలు నాలుగు, మొత్తం ఎనిమిది. గమకం కోసం, అంటే స్వరాన్ని ఊపడం కోసం, రెండు తీగల్ని కలిపి లాగితే రెండూ ఒకేలా సాగవు, శ్రుతి చెడిపోతుంది. ఆయన వాటిని అయిదు ఒంటి తీగలు చేసుకుని, ఎలక్ట్రిక్‌కి మారిపోయాడు. రాక్ గిటార్‌కి ఉన్న ఆ కరెంటే ఆయనకి గమకం నిలబెట్టింది. ఫ్యూజన్ అని వేరే పేరు పెట్టక్కర్లేదు, అక్కడే అయిపోయింది.

2014 సెప్టెంబరు 19న పోయాడు. 45 ఏళ్ళు. ఆ రోజు మా నాన్న షాపు మూసి ఇంటికి వచ్చేశాడు, ఎందుకని ఎవరూ అడగలేదు.

వయొలిన్_వరలక్ష్మి
పాలకొల్లు గారు చెప్పిందానికి ఒక ముక్క కలుపుతాను. ఫ్యూజన్ అనగానే ముక్కు చిట్లించే మన పెద్దలకి గుర్తు చేయాల్సింది, నేను వాయించే వయొలిన్ ఎక్కడిది? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు నేర్చుకుని మన కచేరీలోకి తెచ్చాడు. అన్నగారు కూడా తక్కువేం కాదు, తెల్లవాళ్ళ బ్యాండు వరసలకి సంస్కృతంలో సాహిత్యం రాశారు, నోటుస్వరాలని ఇప్పటికీ పిల్లలకి నేర్పిస్తున్నాం. ఆ తర్వాత క్లారినెట్, మాండలిన్, కద్రి గోపాల్‌నాథ్ గారి సాక్సోఫోన్. వచ్చిన ప్రతిదాన్నీ మొదట తిట్టారు, తర్వాత సన్మానం చేశారు.

హంసధ్వని77
అమ్మా, అక్కడే తేడా. వయొలిన్ వచ్చి మన పాట నేర్చుకుంది. ఇప్పుడు మన పాట వెళ్ళి డ్రమ్ముల దగ్గర నేర్చుకుంటోంది. ఎవరు ఎవరింటికి కోడలుగా వెళ్ళారన్నది చూడాలి కదా.

వయొలిన్_వరలక్ష్మి
ఆ వయొలిన్ని నేల మీద కూర్చోబెట్టి, తల చీలమండ మీద పెట్టి, తీగల శ్రుతే మార్చేశాం. పాపం కోడలు పుట్టింటి వాళ్ళు చూస్తే గుర్తుపట్టరు.

మిక్సింగ్_మావయ్య
రికార్డింగ్ పనిలో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాను, కాబట్టి శ్రుతిపెట్టె గారికి "డ్రమ్ములు దిగాక రాగం మూలకి పోవడం" ఎందుకు జరుగుతుందో చెప్పగలను. మీ చెవి తప్పేం లేదు. మూడు కారణాలు ఉంటాయి, మూడోది ఎవరూ బయటికి చెప్పరు.

మొదటిది, స్వరం ఒక చోట నిలబడదు. తోడి గాంధారం తీసుకోండి. అది ఊగుతూ ఉంటేనే తోడి. కీబోర్డు ఆయన ఆ గాంధారాన్ని ఒక మెట్టు మీద నొక్కి పట్టుకున్నాడనుకోండి, పాడేవాడు ఊగుతుంటాడు, మెట్టు ఊగదు. రెండూ కొట్టుకుంటాయి. అప్పుడు ప్రొడ్యూసర్ ఏం చేస్తాడు? పాడేవాణ్ణి తిన్నగా పాడమంటాడు. తోడి చచ్చిపోయింది. అందుకే ఫ్యూజన్ వాళ్ళందరూ మోహనం, హంసధ్వని, కీరవాణి, చారుకేశి చుట్టూ తిరుగుతారు. అవి కార్డ్స్‌కి, అంటే ఒకేసారి కలిపి నొక్కే స్వరాలకి, లొంగుతాయి. ఆ శక్తి ఆల్బమ్‌లో 'మోహనం' అనే పేరుతోనే ట్రాక్ ఉంది చూడండి. తోడిలో, వరాళిలో, ఆహిరిలో చేసినవి ఎన్ని విన్నారు?

రెండోది, క్లిక్ ట్రాక్. హెడ్‌ఫోన్లో టిక్కు టిక్కుమంటుంటే దానికే కట్టుబడి వాయించాలి. మన వాళ్ళు కాలం తప్పరు కానీ కాలంతో ఆడతారు. చరణం ముగింపులో ఒక వెంట్రుకవాసి ఆగి ఎత్తుకుంటారు. క్లిక్ ఆగదు.

మూడోది, బేస్ గిటారూ కిక్ డ్రమ్మూ మోగే కింది స్థాయి ధ్వనుల్లోనే మృదంగం తొప్పి, తబలా డగ్గా (రెండిటి ఎడమ చేతి వైపు) కూడా మోగుతాయి. ఒక గదిలో ఇద్దరికి ఒకటే కుర్చీ. ఎవరినో ఒకరిని తగ్గించాలి. తగ్గించేది ఎవర్నో మీకు తెలుసు. నేనే తగ్గించాను చాలాసార్లు.

ఇప్పుడు 1975 నాటి శక్తి ఎందుకు నిలబడిందో ఆలోచించండి. అందులో డ్రమ్ములు లేవు, బేస్ లేదు. జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం, ఎల్.శంకర్ వయొలిన్, మెక్‌లాఫ్లిన్ గిటార్. కుర్చీ గొడవే లేదు.

బుజ్జి_బేస్
అంటే సమస్య నేనా 😭

మిక్సింగ్_మావయ్య
వ్యక్తిగతంగా తీసుకోకు బుజ్జీ. అవును.

ఎడిసన్_ఏకతాళం
మావయ్య గారి పోస్టు సేవ్ చేసుకున్నా. నేను 2023లో శక్తి అమెరికా టూర్లో ఇక్కడ చూశాను. శంకర్ మహదేవన్, గణేశ్ రాజగోపాలన్, సెల్వగణేశ్, జాకిర్, మెక్‌లాఫ్లిన్. మెక్‌లాఫ్లిన్‌కి అప్పటికే 81. మా వరసలో సగం మంది తెల్లజుట్టు రాక్ అభిమానులు, 70లలో మెక్‌లాఫ్లిన్ రాక్ బ్యాండు మహావిష్ణు ఆర్కెస్ట్రా చూసినవాళ్ళు. మిగతా సగం మనవాళ్ళు, పిల్లలకి పాప్‌కార్న్ కొనిపెడుతూ.

కొన్నక్కోల్, అంటే తాళం జతుల్ని నోటితో పలకడం, మొదలయ్యింది. మా ఎదుట కూర్చున్న పెద్దాయన మోకాలి మీద ఏడు లెక్క వేస్తున్నాడు, ఒకటి రెండు మూడు నాలుగు అయిదు ఆరు ఏడు అని, రైలు పెట్టెలు లెక్కపెట్టినట్టు. నేను మిశ్రచాపు వేస్తున్నా, తకిట తకధిమి. ఇద్దరిదీ ఏడే. కానీ ఆయన చెయ్యీ నా చెయ్యీ ఒక్కసారి కూడా కలవలేదు, సమం (తాళం మళ్ళీ మొదలయ్యే దెబ్బ) దగ్గర తప్ప. అక్కడ మాత్రం ఇద్దరం ఒకేసారి "హా!" అన్నాం. ఆయన వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. నాకు ఫ్యూజన్ అంటే ఆ రాత్రి అర్థమైంది.

కంజీరా_కన్నయ్య
ఏకతాళం గారు సెల్వగణేశ్ కంజీరా గురించి ఏమీ రాయకపోవడం నేరం. ఎదురుగా ఉంటే కొట్టేవాణ్ణి. ఒక్క చేత్తో వాయించే గుండ్రటి ముక్క, రెండు నీటి చుక్కలు వెనక్కి చిలకరించి శ్రుతి దించితే బేస్ గిటార్ కన్నా కింద నుంచి వస్తుంది ఆ గుంకీ, ఆ బరువైన మోత. విక్కు గారి అబ్బాయే కదా.

బుజ్జి_బేస్
ఇప్పుడు కంజీరా కూడా నా మీదకేనా.

రాగిసంగటి
మీరంతా శక్తి చుట్టూనే తిరుగుతున్నారు. ఆయన లిస్టులో ఆఫ్రికా వాళ్ళు, టర్కీ వాళ్ళు కూడా ఉన్నారు. మ్‌డూ మోక్తార్ గురించి ఎవరైనా మాట్లాడండి బాబూ. సైకిల్ బ్రేకు తీగలు పెట్టి మొదటి గిటార్ సొంతంగా చేసుకున్నాడు. సహారా ఎడారి తువారెగ్ జాతి. వాళ్ళలో తినారివెన్ అనే పెద్ద బ్యాండు ఉంది, దాన్ని మొదలెట్టిన ఇబ్రహీమ్ కూడా చిన్నప్పుడు రేకు డబ్బా, కర్ర, బ్రేకు తీగతోనే చేసుకున్నాడు. ఎడారిలో సైకిళ్ళు ఎక్కువో బ్రేకులు తక్కువో నాకు తెలియదు.

శ్రుతిపెట్టె గారికి ఒక పరీక్ష పెడతా. మోక్తార్ 2024లో 'ఫ్యూనరల్ ఫర్ జస్టిస్' చేశాడు, మొత్తం కరెంటు, చెవులు చిల్లులు. 2025లో అవే పాటలు 'టియర్స్ ఆఫ్ ఇంజస్టిస్' అని మళ్ళీ చేశాడు, కరెంటు లేకుండా, కింద కూర్చుని పాడుకున్నట్టు. దాని వెనక సంగతి ఏమిటంటే, 2023 జూలైలో నైజర్‌లో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది, వీళ్ళు అమెరికా టూర్లో ఇరుక్కుపోయారు, ఇంటికి పోలేక. రెండూ పక్కపక్కన వినండి. డ్రమ్ములు తీసేశాక కూడా మీకు ఎక్కకపోతే అప్పుడు తప్పు డ్రమ్ములది కాదు.

శ్రుతిపెట్టె
ఇది న్యాయమైన పరీక్ష. వింటాను.

సీతాఫల్‌మండి_సాజ్
ఆల్తిన్ గున్ సంగతి నేను చూసుకుంటా, పేరులోనే సాజ్ (టర్కీ వాళ్ళ పొడుగు మెడ తీగవాద్యం) పెట్టుకున్నాను మరి. వాళ్ళు ఆమ్‌స్టర్‌డామ్ బ్యాండు. పాటలు చాలా వరకు టర్కీ పల్లెపాటలు, లేదా 60లు, 70లలో ఎర్కిన్ కోరాయ్, బారిష్ మాంచో, సెల్దా లాంటి వాళ్ళు రాక్‌లోకి తెచ్చినవి. అంటే ఇది కొత్త ఫ్యూజన్ కాదు, యాభై ఏళ్ళ కిందటి ఫ్యూజన్‌కి మనవడు.

మిక్సింగ్ మావయ్య అన్న మొదటి కారణం ఉంది చూడండి, ఊగే స్వరం. సాజ్‌కి మెట్లు లోహం కాదు, నైలాన్ దారం కట్టి ఉంటాయి, జరపొచ్చు. మన పన్నెండు స్థానాల మధ్యలో పడే స్వరాలకి కూడా మెట్లు ఉంటాయి. దానికి పికప్ పెట్టి ఎలక్ట్రిక్ చేసినా ఆ మెట్లు అలాగే ఉన్నాయి. కాబట్టి డ్రమ్ములు ఎంత మోగినా పాట టర్కీ పాటలానే ఉంటుంది. వాద్యం లొంగకపోతే రాగం లొంగదు.

మిక్సింగ్_మావయ్య
ఇది చాలా మంచి మాట. మెక్‌లాఫ్లిన్ చేసింది కూడా అదే. 70లలో శక్తి కోసం గిబ్సన్ వాళ్ళ దగ్గర ప్రత్యేకంగా గిటార్ చేయించుకున్నాడు. మెట్టుకీ మెట్టుకీ మధ్య చెక్కని దోనెలా తవ్వించాడు. తీగ కింద ఖాళీ ఉంటే వేలితో లోపలికి నొక్కి, పక్కకి లాగి, వీణ మీద లాగా స్వరాన్ని సాగదీయొచ్చు. మామూలు తీగల కింద ఏటవాలుగా ఇంకో ఏడు తీగలు, వాటంతట అవే మోగడానికి. అంతకు ముందు వెస్లియన్ యూనివర్సిటీలో ఎస్.రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. చెయ్యి మార్చుకోవడానికి ముందు చెవి, చెవి తర్వాత చెక్క. మన కుర్రాళ్ళు చెక్క కూడా మార్చరు, గిటార్ ధ్వని మార్చే పెడల్ కొంటారు.

ఆవకాయ_బ్లూస్
అంతా ఏళ్ళ తరబడి నేర్చుకుంటేనే అంటున్నారు, నేను ఒప్పుకోను. అమెరికా గిటారిస్టు రై కూడర్, మోహనవీణ వాయించే విశ్వమోహన్ భట్ కలిసి 1993లో 'ఎ మీటింగ్ బై ద రివర్' చేశారు. కలుసుకున్న కాసేపటికే కూర్చుని వాయించేశారు. రిహార్సల్ లేదు. గ్రామీ వచ్చింది. నాకు ఇప్పటికీ శక్తి కన్నా అదే ఇష్టం.

సీతాఫల్‌మండి_సాజ్
ఇద్దరిదీ స్లైడ్ కదా బ్రో. తీగ మీద కడ్డీ జార్చేవాళ్ళు. అక్కడ మెట్ల గొడవే లేదు. ఒకే భాష మాట్లాడే ఇద్దరు వేర్వేరు యాసల్లో కబుర్లు చెప్పుకున్నట్టు.

ఆవకాయ_బ్లూస్
సరే, ఇది నేను ఆలోచించలేదు. అయినా నా ఇష్టం నాదే.

తాళం_తప్పిన_తాతయ్య
మీరు చెప్పేవి చాలా పెద్ద విషయాలు. నాది చిన్న సంగతి. మా ఊరి గుళ్ళో బ్రహ్మోత్సవాలకి కమిటీ కుర్రాళ్ళు ఏదో కొత్తగా చేద్దామని సన్నాయి మేళంతో కీబోర్డు, డ్రమ్స్ కలిపారు. సన్నాయి ఆయనది రెండున్నర శ్రుతి అని చెప్పారు, కీబోర్డు అబ్బాయి రెండున్నర పెట్టాడు. మొదటి కీర్తన ఎత్తుకోగానే కుక్కలు లేచి వెళ్ళిపోయాయి.

సంగతేమిటంటే ఆయన సన్నాయి రెండున్నరకీ మూడుకీ మధ్యలో ఉంది. అది ఆయన తాత గారిది. సీవాళి (ఊదే పీక) మార్చి చూశాడు, ఇంకా దిగలేదు. కీబోర్డు అబ్బాయి "సార్, కొంచెం తగ్గించి ఊదండి" అన్నాడు. ఆయన ఏమీ అనలేదు. కండువా తీసి మొహం తుడుచుకుని, "బాబూ, ఇది కర్ర. నీది మర. తగ్గేది ఏదో నువ్వే చూసుకో" అన్నాడు. చివరికి ఎవరో యూట్యూబ్‌లో వెతికి, ఆ కీబోర్డులో శ్రుతిని సన్నగా జరిపే సెట్టింగు ఉందని కనుక్కున్నారు. పది నిమిషాలు ఆయన సా పట్టుకుని నిలబడ్డాడు, వాడు అంకెలు తిప్పుకుంటూ పోయాడు. కలిసిన క్షణాన డోలు ఆయన చెప్పకుండానే ఒక దెబ్బ వేశాడు. ఆ రోజు కచేరీ కన్నా ఆ పది నిమిషాలే బాగున్నాయి.

అట్లతద్ది
"ఇది కర్ర, నీది మర" 🙏 వాట్సాప్ స్టేటస్ పెట్టేసుకున్నా.

మిక్సింగ్_మావయ్య
తాతయ్య గారూ, ఆ సెట్టింగు దాదాపు ప్రతి కీబోర్డులోనూ ఉంటుంది. నూటికి తొంభై మంది ముట్టుకోరు.

హైటెక్_హార్మోనియం
ఇంత చర్చలో మన తెలుగు బ్యాండుల మాటే లేదు. చౌరస్తా వాళ్ళు పల్లె పదాన్ని జమైకా వాళ్ళ రెగేలో పెట్టి పాడితే నాకు ఎక్కడా అతుకు కనబడలేదు. అది కూడా ఇలాంటిదే కదా?

రాగిసంగటి
అవును, అక్కడ పాట పుట్టడమే అలా పుట్టింది. పాతదాన్ని తెచ్చి అతికించలేదు.

హంసధ్వని77
ఆగమ్ వాళ్ళు 'బంటు రీతి కొలువు' చేశారు, హంసనాదం. మా అబ్బాయి ఇంట్లో దాన్ని పెడితే గోడ మీద ఫోటోలు వణికాయి. అయితే ఒకటి ఒప్పుకోవాలి. వాడికి ఆ పాట మొత్తం నోటికి వచ్చు. నేను పదేళ్ళు సంగీతం క్లాసుకి పంపితే రాలేదు.

వయొలిన్_వరలక్ష్మి
హంసధ్వని గారి నోట ఈ మాట! స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నా.

వీరాభిమాని_విజయవాడ
వీళ్ళందరి కన్నా ముందు మన సినిమాల్లో ఇవన్నీ చేసేశారు. రాజా సార్ (ఇళయరాజా) 1986లోనే 'హౌ టు నేమ్ ఇట్'లో జర్మనీ బాఖ్‌నీ త్యాగరాజునీ ఒకే గదిలో కూర్చోబెట్టాడు. తర్వాత వచ్చినాయన ఏం చేశాడో...

మోడరేటర్
ఆ "తర్వాత వచ్చినాయన" దగ్గర ఆపేద్దాం. పోయిన చర్చలో ఈ గొడవ నలభై పేజీలు నడిచింది. పైన కింద ఉన్న పదకొండు పోస్టులు తీసేశాను.

డప్పు_దరువు
నేను ఇక్కడ చదవడమే, రాయడం తక్కువ. మా బాబాయి డప్పు కొడతాడు, వరంగల్ దగ్గర మా ఊరు. అయిదారేళ్ళ కింద ఒక ఆల్బమ్‌కి పిలిచారు. జాజ్, రాక్, తెలంగాణ దరువు కలిపి అని చెప్పారు. నేను తోడు వెళ్ళాను, హైదరాబాద్‌లో స్టూడియో, మూడో అంతస్తు.

డప్పు కొట్టేముందు కాపాలి, అందరికీ తెలుసు. గడ్డి మంట వేసి తోలు వేడెక్కించాలి, అప్పుడే మోగుతుంది. లోపల ఏసీ పద్దెనిమిదిలో పెట్టారు. తోలు మెత్తబడి పోయింది, అట్టపెట్టె మీద కొట్టినట్టు ఉంది. బాబాయి "మంట కావాలి" అన్నాడు. వాళ్ళు నవ్వారు. స్మోక్ అలారం ఉందట. ఒకాయన హెయిర్ డ్రయ్యర్ తెచ్చాడు, అది సరిపోలేదు. చివరికి మేమిద్దరం కింద పార్కింగ్‌కి పోయి, వాచ్‌మన్ ఇచ్చిన పాత పేపర్లు కాల్చి కాపుకుని, మూడు అంతస్తులు పరుగెత్తుకుంటూ ఎక్కి, ఒక టేకు. మళ్ళీ కిందికి. అలా ఏడుసార్లు. లిఫ్టులో డప్పు పట్టుకుని ఎక్కొద్దన్నారు, మసి అంటుతుందని.

సిర్ర, సిటికెన పుల్ల (డప్పు కొట్టే రెండు పుల్లలు) పట్టుకుని బాబాయి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే నాకు నవ్వొచ్చింది. రెండు టేకుల తర్వాత తీసి పక్కన పెట్టాడు. "ఈ టిక్కు టిక్కు ఎవడిదిరా, వాడికి ఆట రాదు" అన్నాడు. ఆయన దరువు మనుషులు అడుగు వేస్తుంటే కొట్టేది. అడుగు లేకుండా ఆయనకి కొట్టడం రాదు. అప్పుడు ఆ డ్రమ్స్ వాయించే అమ్మాయి లేచి అద్దం అవతల నిలబడి అడుగు వేయడం మొదలెట్టింది. ఆమెని చూస్తూ కొట్టాడు. అదే టేకు ఉంచుకున్నారు.

డబ్బులు ఇచ్చారు, దాని గురించి ఏమీ అనను. ఆల్బమ్ వచ్చింది. అందరి పేర్లూ ఉన్నాయి, కాఫీ ఇచ్చిన అబ్బాయి పేరు కూడా. బాబాయి దగ్గర మాత్రం "ఫోక్ పర్కషన్" అని ఉంది.

ఎడిసన్_ఏకతాళం
ఇది చదివాక ఏం రాయాలో తెలియడం లేదు.

రాగిసంగటి
"వరల్డ్ మ్యూజిక్" అన్న పేరే అలా పుట్టింది. 1987లో లండన్‌లో ఒక పబ్బులో రికార్డు కంపెనీల వాళ్ళు కూర్చుని, షాపులో ఈ రికార్డులు ఏ అరలో పెట్టాలో తెలియక పెట్టుకున్న పేరు. ఆఫ్రికా ఆయనా, బల్గేరియా ఆవిడా, మనమూ ఒకే అర. 2020లో గ్రామీ వాళ్ళకి ఇబ్బందనిపించి "గ్లోబల్" అని మార్చారు. అర అదే, బోర్డు మారింది. ఫోక్ పర్కషన్ కూడా అలాంటి బోర్డే.

మిక్సింగ్_మావయ్య
డప్పు_దరువు తమ్ముడూ, స్ట్రీమింగ్ యాప్‌లలో పేర్లు తర్వాత కూడా చేర్చొచ్చు. ఆ ఆల్బమ్ పంపిణీ చేసినవాళ్ళకి ఆల్బమ్ హక్కులున్నవాళ్ళు ఒక మెయిల్ పెడితే చాలు. ఎవరికి ఏమని రాయాలో నాకు మెసేజ్ పెట్టు, నేను డ్రాఫ్ట్ చేసిస్తా. ఆ డ్రమ్స్ అమ్మాయిని కూడా కదిలించు, ఆమె సాక్షి.

బుజ్జి_బేస్
నేను కూడా సాయం చేస్తా. బేస్ వాళ్ళకి కనీసం ఈ పని అయినా ఉంటుంది.

శ్రుతిపెట్టె
వారం తర్వాత వచ్చాను. పరీక్ష ఫలితాలు చెప్పాలి కదా.

మోక్తార్ రెండూ విన్నాను. రాగిసంగటి గారూ, మీరు గెలిచారు. కరెంటు లేనిది హాయిగా ఉంది కానీ, అది విన్నాక కరెంటు ఉన్నది మళ్ళీ పెడితే అదే ఎక్కువ నచ్చింది. పాట తెలిశాక డ్రమ్ములు అడ్డం రాలేదు. అరూజ్ ఆఫ్తాబ్, విజయ్ అయ్యర్, షెహ్‌జాద్ ఇస్మాయిలీ కలిసి చేసిన 'లవ్ ఇన్ ఎగ్జైల్' కూడా విన్నాను, మేనల్లుడి లిస్టులో చివర ఉంది. డ్రమ్ములు లేవు, తొందర లేదు, ఒక్కో పాట పది నిమిషాలు. మెట్రోలో వినేది కాదు అది. రాత్రి పన్నెండుకి డాబా మీద విన్నాను.

శక్తి మీద నా ఫిర్యాదు సగం ఉంచుకుంటున్నాను. 'దిస్ మొమెంట్' కోవిడ్ రోజుల్లో ఎవరి ఊళ్ళో వాళ్ళు వాయించి పంపుకున్న ఫైళ్ళట. అందుకే కాబోలు, అంతా శుభ్రంగా ఉంది కానీ ఏకతాళం గారు చెప్పిన ఆ "హా" లేదు. 1975 నాటిది కచేరీలో రికార్డు చేసింది. అందులో ఉంది. పోయినేడు వచ్చిన లైవ్ రికార్డింగ్ 'మైండ్ ఎక్స్‌ప్లోజన్'లోనూ ఉంది.

ఎడిసన్_ఏకతాళం
చెప్పాను కదా.

శ్రుతిపెట్టె
ఇంకొకటి. మా అమ్మకి 79. ఆవిడ ముందు స్పీకర్లో ఆ 'గిరిరాజ్ సుధ' పెట్టాను, పేరు చెప్పకుండా. చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. పల్లవి రాగానే తలెత్తకుండానే గొంతు కలిపింది. మధ్యలో తబలా దగ్గర ఈనె తీయడం ఆపేసి, "ఎవర్రా ఆ అబ్బాయి, చేతులా అవి? ఈసారి ఊళ్ళో కచేరీ ఉంటే తీసుకెళ్ళు" అంది.

జాకిర్ పోయింది 2024 డిసెంబరులో కదా. సరేనమ్మా అన్నాను.

పాలకొల్లు_కుర్రోడు
🙏

అట్లతద్ది
అమ్మగారికి సుధ అని చెప్పారా సుత అని చెప్పారా?

శ్రుతిపెట్టె
చెప్పలేదు. ఆవిడ సుతా అనే పాడింది. అట్ట చదవలేదుగా.

తాళం_తప్పిన_తాతయ్య
డప్పు బాబూ, మీ బాబాయి కొట్టింది మాకు వినిపించవా? లింకు పెట్టు.

డప్పు_దరువు
మావయ్య గారితో కలిసి మెయిల్ పంపాం, ఇంకా జవాబు రాలేదు. పేరు పడ్డాకే లింకు పెడతాను తాతయ్యా. అప్పుడు వాళ్ళు సీడీ కూడా ఒకటి ఇచ్చారు. బాబాయి దాన్ని అటక మీద డప్పు పక్కన పెట్టుకున్నాడు. మా ఇంట్లో ప్లేయర్ లేదు. ఆయన ఇంతవరకూ వినలేదు.

సీతాఫల్‌మండి_సాజ్
మా ఇంట్లో పాత సీడీ ప్లేయర్ ఉంది, మూత సరిగ్గా పడదు, రబ్బరు బ్యాండు పెట్టాలి. ఆదివారం వరంగల్ వస్తున్నా. అడ్రస్ మెసేజ్ పెట్టు.